లేని చేతి నొప్పి

2023 మార్చి నెల. ఆదోనిలో ఎండలు అప్పటికే మాడ్చేస్తున్నాయి. పత్తి సీజన్ మాత్రం ఇంకా పూర్తిగా ముగియలేదు. నేను ఫిజియోథెరపిస్టుని. ఆదోనిలో నాకొక చిన్న క్లినిక్ ఉంది. వారంలో రెండు రోజులు బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళి, అక్కడ ఒక నర్సింగ్ హోమ్ వెనక గదిలో కూర్చుంటాను. ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా జనానికి నేను ‘కరెంటు పెట్టే మేడమ్‌’నే. నొప్పి ఉన్నచోట సన్నగా కరెంటు పంపే మెషిన్ ఒకటి మా దగ్గర ఉంటుంది. అది తప్ప మా చదువులో ఇంకేదీ వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. మూటలు మోసి నడుము పోయిన హమాలీలు, మగ్గం గుంటలో కూర్చొని మోకాళ్ళు పట్టేసిన నేతగాళ్ళు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళు. నా కేసులు దాదాపు ఇవే. ఈ పనిలో విసుగొస్తుంది, జాలేస్తుంది, ఒక్కోసారి నవ్వొస్తుంది. ఒళ్ళు మండేంత కోపం వచ్చిన కేసు మాత్రం ఒకటుంది. అదే చెబుతాను.

ఎమ్మిగనూరు గదికి ఒక పొద్దున భార్యాభర్తలు వచ్చారు. అతని పేరు ఉరుకుందు, ముప్పై కూడా ఉండవు. కుడిచెయ్యి మణికట్టు దగ్గరికి లేదు. భార్య నాగవేణి అతని వెనకే నిలబడి, నేను అడగకముందే కర్నూలులో ఆపరేషన్ చేసిన కాగితాలు తీసి ముందు పెట్టింది. నేతపని చేసే ఇల్లు వాళ్ళది. మగ్గం మీద ఇల్లు గడవక ఉరుకుందు ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో చేరాడు. జిన్నింగ్ అంటే పత్తిలోంచి గింజను వేరుచేయడం. ఆ మెషిన్‌లోనే జనవరిలో చెయ్యి పోయింది.

"యాడ నొప్పి?" అని అడిగాను.

"చేతిలో మేడమ్."

"మోచేతిలోనా?"

"కాదు. అరచేతిలో." తెగిన మణికట్టును దాటి గాలిలో చూపించాడు. "పిడికిలి బిగిసిపోయిండాది. గోర్లు లోపలికి దిగతాండాయి. ఎంత తెరిసినా తెరుసుకోదు."

నాగవేణి గొంతు తగ్గించి అంది: "గాలి సోకిందంటాండారు అక్కా అందురూ. లేని సెయ్యి ఎట్ల నొస్తాదని నగుతాండారు. రాత్రంతా నిద్రుండదు ఈయప్పకు."

గాలి కాదు, పిచ్చి కాదు. దీన్ని ఫాంటమ్ లింబ్ పెయిన్ అంటారు. చెయ్యి పోయినా మెదడులో ఆ చేతి పటం అలాగే ఉండిపోతుంది. ప్రమాదం జరిగిన క్షణంలో పిడికిలి బిగించి ఉంటే, పటంలో అది బిగించే ఉంటుంది. తెరుచుకో అని మెదడు ఎంత చెప్పినా అవతలినుంచి జవాబు రాదు. నొప్పి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. దీనికి మేము చేసే వైద్యాల్లో ఒకటి మిర్రర్ థెరపీ. మనిషి ఎదురుగా, రెండు చేతుల మధ్య అద్దాన్ని నిలువుగా పెట్టి, పోయిన చేతిని అద్దం వెనక దాచి, ఉన్న చేతిని అద్దం ముందు పెట్టిస్తాం. ఎడమచేతి నీడ అద్దంలో కుడిచెయ్యిలా కనపడుతుంది. ఎడమ పిడికిలి తెరిస్తే కుడి పిడికిలి తెరుచుకున్నట్టు మెదడు నమ్ముతుంది. కొందరికి హాయిగా తగ్గుతుంది, కొందరికి తగ్గదు.

దానికి ముందు తెగినచోట చర్మానికి స్పర్శ అలవాటు చేయాలి. మెత్తటి దూదితో మొదలుపెట్టి గరుకు గుడ్డ దాకా వెళ్తాం. దూది తాకించగానే ఉరుకుందు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. దూదీ పత్తే కదా అని నాకు అప్పుడే తట్టి, దూది పారేసి పాత చీర ముక్కతో మొదలుపెట్టాను.

ప్రమాదం ఎలా జరిగిందో ఆ రోజే చెప్పాడు. గింజ తీసే రోలర్ల ముందు ఇనుప జాలీ ఉంటుంది, చెయ్యి లోపలికి పోకుండా. సీజన్ మధ్యలో మిల్లువాళ్ళు జాలీలన్నీ విప్పించి మూలన పడేశారట. జాలీ ఉంటే, పత్తి ఇరుక్కున్నప్పుడు మెషిన్ ఆపి, బోల్టులు విప్పి తీయాలి. జాలీ లేకపోతే మెషిన్ నడుస్తుండగానే చెయ్యి పెట్టి లాగేయొచ్చు. "జాలీ తీసేసినారు మేడమ్. తీయకపోతే నాకీ గతి పట్టేది కాదు," అన్నాడు. అప్పుడు ఆ మాట అంత స్పష్టంగా అన్నాడు. అందుకే చెబుతున్నాను.

అద్దం ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు తన కుడిచెయ్యి కనపడేసరికి ఉరుకుందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిడికిలి మాత్రం "రోంత సడలింది, అంతే" అన్నాడు. ఇంటి దగ్గర రోజూ చేయమని అద్దం ఇచ్చి పంపాను. నీ మెదడుకు ఒక చిన్న మోసం చేస్తాండాం, అది నమ్మేదాకా విడవొద్దు అని చెప్పాను.

రెండు మూడు వారాలు సరిగ్గానే వచ్చాడు. ఆ తర్వాత ఒక రోజు వచ్చి అద్దం ముందు కూర్చోలేదు. ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"మీరు సెప్పిందే దీంట్లో ఉండాది మేడమ్. సూడండి."

అదొక తెలుగు వీడియో. ఒకాయన గంభీరంగా చెబుతున్నాడు. మనం నిజమనుకుంటున్న ఈ లోకం నిజానికి ఒక సిమ్యులేషన్ కావచ్చు, అంటే మనకన్నా ఎంతో ముందున్న వాళ్ళెవరో కంప్యూటర్‌లో నడిపిస్తున్న ఆట లాంటిది కావచ్చు. ఒకప్పుడు తెర మీద గళ్ళు గళ్ళుగా ఉన్న ఆటలు ఇప్పుడు సినిమాల్లా ఉన్నాయి. ముందుముందు మనుషుల్ని కూడా అలా సృష్టించగలిగితే అలాంటి లోకాలు లెక్కలేనన్ని తయారవుతాయి. వాటి మధ్య మనదే అసలు లోకం అనుకోవడానికి ఆధారమేమిటి? ఇదీ వాదం. కాలక్షేపానికి బాగానే ఉంది. కాలేజీ పిల్లలు టీ తాగుతూ దీని మీద కొట్టుకుంటే నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటాను.

"అద్దం ముక్కకే మెదడు మోసపోతే, ఇంగ కడమదంతా మోసం కాదని యాడుంది గ్యారంటీ?" అన్నాడు ఉరుకుందు.

నాకు చిరాకేసింది. వీడియో ఆపేశాను.

"ఇది నీకు పంపిందెవరప్పా?"

"కార్తీక్ అన్న. మా మిల్లు ఓనరు కొడుకు. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసొచ్చి ఇప్పుడు మిల్లు సూసుకుంటాండాడు. మంచోడు మేడమ్. కర్నూలు దాకా వచ్చి నన్ను సూసిపోయినాడు. బాధపడొద్దురా, నీ చెయ్యి ఉత్త డేటా, డేటా పోతే నువ్వు పోయినట్టు కాదు అని సెప్పినాడు."

ఓదార్పులు నేను చాలా రకాలు విన్నాను. పూర్వజన్మ పాపమన్నవాళ్ళు, దిష్టి అన్నవాళ్ళు, అంతా మన మంచికే అన్నవాళ్ళు మా గదికి రోజూ వస్తారు, రోగికి తోడుగా. వినీ వినీ చెవులు మొద్దుబారాయి. కానీ మెషిన్ ఓనరు కొడుకు, ఆ మెషిన్‌లో చెయ్యి పోగొట్టుకున్న మనిషి పక్కన కూర్చొని, నీ చెయ్యి ఉత్త డేటా అని చెప్పడం అంతవరకూ వినలేదు.

నాగవేణి ఇంకో మాట చెప్పింది. ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ప్రమాదం గురించి అడగడానికి వాళ్ళింటికి వచ్చాడట.

"ఏం సెప్పినావప్పా ఆయనకు?" అని అడిగాను.

ఉరుకుందు చాలా ప్రశాంతంగా అన్నాడు: "సెప్పేదేముంది మేడమ్. ఎవురి తప్పూ లేదని సెప్పినా. ప్రోగ్రామ్‌లో అట్ల ఉండె, అయిపోయె."

నాగవేణి నా ముఖంలోకి చూసింది. "ఆ సారు మల్లా ఒగసారి వస్తానని పోయినాడక్కా. అప్పుడు గూడా ఇట్లే అంటే ఇంగ రాడంట. ఆడ ఇంగా ఆడోళ్ళు పన్జేస్తాండారు, మా పక్కింటి పిల్ల గూడా."

జాలీ గురించి అంత స్పష్టంగా చెప్పిన మనిషి ఇతనేనా అనిపించింది. మూడు నాలుగు వీడియోల్లో జాలీ మాయమైపోయింది. దాన్ని విప్పినవాడూ మాయమయ్యాడు, విప్పమన్నవాడూ మాయమయ్యాడు. మిగిలింది ప్రోగ్రామ్. దాని మీద కేసు ఎవరు పెడతారు?

ఆ తర్వాతి వారం నేను ఎమ్మిగనూరులో బస్సు దిగుతుండగానే నాగవేణి ఫోన్ చేసింది. ఏడుస్తోంది. ఉరుకుందు ఉన్న ఒక్క చేతినీ కాల్చుకున్నాడు. నర్సింగ్ హోమ్‌కి పోకుండా తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. గ్యాస్ పొయ్యి మంట మీద ఎడమచెయ్యి పెట్టి పట్టుకున్నాడట. నాగవేణి చూసి లాగేసింది కాబట్టి వేళ్ళ కొనలు బొబ్బలెక్కడంతో పోయింది.

"ఎందుకు జేసినావు?" అన్నాను.

"పరీక్ష జేసినా మేడమ్. నొప్పి ఉత్త కంప్యూటర్ కోడ్ అని తెలిసినోనికి నొయ్యకూడదు గదా."

"నొచ్చిందా?"

"నొచ్చింది."

"మరి?"

"నాకింకా పూర్తిగా తెలివి రాలేదేమో," అన్నాడు.

నాగవేణి అప్పటిదాకా మూలన ఉంది. ఒక్క ఊపున వచ్చి అతని ముందు నిలబడింది. "తెలివంట, తెలివి! ఆ సెయ్యి గూడా పోతే పాపను ఎత్తుకునేదెవురు? ప్రోగ్రామ్ వచ్చి ఎత్తుకుంటాదా?" అని అరిచింది. ఉయ్యాలలో పాప లేచి ఏడుపు అందుకుంది. ఉరుకుందు తల వంచుకున్నాడు.

కట్టు కట్టించి, ఆ రోజు మిగిలిన కేసులన్నీ వాయిదా వేసి ఆదోని బస్సెక్కాను. దారి పొడుగునా నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన మంత్రాలయంలో పిల్లలకు సంస్కృతం చెప్పేవారు. మా ఇంటి సంప్రదాయంలో జగత్తు సత్యం. ఈ లోకం మిథ్య అని ఎవరైనా అంటే ఆయన విస్తరి ముందునుంచి లేచి మరీ వాదానికి దిగేవారు. లోకం నిజమో కాదో తేలితే మనకు ఒరిగేదేమిటి, చారు చల్లారిపోతోంది కదా అని చిన్నప్పుడు విసుక్కునేదాన్ని. ఆ రోజు బస్సులో ఆయన కోపం నాకు అర్థమైంది. లోకం అబద్ధమైతే ఎదుటివాడి పుండూ అబద్ధమే. దానికి కట్టు కట్టాల్సిన పని ఇక ఎవరికీ లేదు. లోకం మిథ్య అనేవాళ్ళు దీనికి ఏదో సమాధానం చెబుతారని తెలుసు. వినే ఓపిక నాకు ఆ రోజు లేదు.

ఆదోనిలో దిగి తిన్నగా మిల్లుకు వెళ్ళి, ఉరుకుందుకు వైద్యం చేసేదాన్నని కబురు పంపాను. కార్తీక్ ఆఫీసు అద్దాల గది. ఏసీ చల్లగా ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మర్యాద తెలిసిన కుర్రాడే.

"రండి మేడమ్. ఉరుకుందు ఎలా ఉన్నాడు?"

"ఉన్న చెయ్యి కాల్చుకున్నాడప్పా. నువ్వు పంపిన వీడియోలు సూసి."

అతని ముఖం పాలిపోయింది. నటన కాదు. "అయ్యో, అలా చెయ్యమని నేను చెప్పలేదు మేడమ్. ధైర్యం చెప్పానంతే. నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు నన్ను నిలబెట్టింది ఈ ఆలోచనే. ఇది మూఢనమ్మకం కాదు, సైన్స్. నేనూ కోడే, మీరూ కోడే, ఉరుకుందూ కోడే. అందరం సమానం."

నిజం చెప్పాలంటే, కేసు తప్పించుకోవడానికి తెలిసి చేసి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. అలాంటివాళ్ళను చూశాను, వాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుసు. ఇతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. తను మెత్తటి కుర్చీలో కూర్చొని నమ్మిన మాటను, నిద్రపట్టక గోడకు తల కొట్టుకునే మనిషికి దానం చేశాడు, మంచి పని చేశాననుకొని.

వాచ్‌మన్ టీ తెచ్చాడు. కార్తీక్ ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు. "చక్కెర వద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని వాచ్‌మన్ మీద విసుక్కున్నాడు. కోడ్‌కి చక్కెర పడదు కాబోలు అనుకున్నాను.

గోడ మీద పెద్ద టీవీ ఉంది. దాని నిండా పచ్చచుక్కలు. నేను అటు చూడటం గమనించి ఉత్సాహంగా చెప్పాడు: "మిల్లు మొత్తం డిజిటల్ చేశాను మేడమ్. ఒక్కో చుక్క ఒక్కో మెషిన్. నడుస్తుంటే పచ్చ, ఆగితే ఎరుపు. నేను ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్‌లో కనపడుతుంది. ఎర్రచుక్క రాగానే సూపర్‌వైజర్‌ని అడుగుతాను. ఆ భయంతోనే ఈ సీజన్‌లో మెషిన్లు ఆగడం చాలా తగ్గింది."

"ఉరుకుందు చెయ్యి పోయిన పొద్దు దీంట్లో ఏం కనపడింది?"

అతను టీవీ వైపు చూశాడు.

"ఎర్రచుక్క వచ్చింది," అన్నాడు. "చాలాసేపు ఉంది."

"నువ్వేం జేసినావు?"

"ఆ రోజు పని మీద బెంగళూరు వెళ్ళి ఉన్నాను మేడమ్. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను." కప్పును ఇంకొంచెం పక్కకు జరిపాడు. "మెషిన్ ఎందుకు ఆగిందని అడిగాను."

నాకు అప్పటిదాకా ఉన్న కోపం వేరు, ఆ మాటతో వచ్చింది వేరు. ఆ చుక్క ఎర్రబడకూడదనే కదా, వాళ్ళంతా నడిచే మెషిన్‌లో చేతులు పెడుతున్నది! లోకాన్నంతా ఎవరో కంప్యూటర్‌లో పెట్టి చూస్తున్నారో లేదో నాకు తెలియదు. ఈ మిల్లును మాత్రం ఇతను పెట్టుకున్నాడు. అందులో మెషిన్లకు చుక్కలున్నాయి, మనుషులకు లేవు.

"ఏమప్పా, ఆ చుక్క ఎనకాల మనిషి ఉండాడు! నెత్తురు కారతాంటే మిషన్ ఎందుకు నిలిసింది అని అడిగినావా? జాలీలు యాడ పెట్టినారు? ఎప్పుడు బిగిస్తారు?" అని అరిచాను. ఏసీ గది బయట నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"సీజన్ అయ్యాక బిగిద్దామనుకున్నాం. మీరు ఎమోషనల్ అవుతున్నారు మేడమ్," అన్నాడు.

అవుతాను. నా ఉద్యోగమే నొప్పితో. బయటికి వస్తూ మెషిన్లున్న షెడ్డులోంచి నడిచాను. చెవులు దిమ్మెక్కే చప్పుడు, గాలి నిండా పత్తి నూగు. ఆడవాళ్ళు వరసగా నిలబడి పత్తి అందిస్తున్నారు. ఒకామె ఇరుక్కున్న పత్తిని రోలర్ల దగ్గరనుంచి చేత్తో పీకి, మళ్ళీ అందివ్వసాగింది. మెషిన్ ఆగలేదు. మూలన జాలీలు కుప్పగా పడున్నాయి, నూగు పట్టి తెల్లగా. రెండు అడుగులు అటు వేస్తే సూపర్‌వైజర్ అడ్డం వచ్చి గేటు చూపించాడు.

నేను అరిచి ఏమీ సాధించలేదు. పని పోతుందన్న భయంతో ఆ ఆడవాళ్ళు నోరెత్తరు, జాలీల మాట చెప్పగలిగినవాడు ఉరుకుందు ఒక్కడే. ఇన్‌స్పెక్టరు వినేది చెయ్యి పోయిన మనిషి మాట, నా మాట కాదు. ఆ ఉరుకుందేమో ఎవరి తప్పూ లేదంటున్నాడు. అతనితో వాదించాలనిపించలేదు. నొప్పి తగ్గని మనిషి దేన్నయినా నమ్ముతాడు. ముందు పిడికిలి తెరవాలి.

కాలిన వేళ్ళు మానేదాకా వాళ్ళింటికే వెళ్ళి చూశాను. ఇంట్లో సగం గది మగ్గమే. నాగవేణి గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తూ ఉండేది. కుడిచేత్తో తాడుకు కట్టిన చెక్క పిడిని గుంజితే, దారం కండె ఉన్న నాడె నిలువు దారాల మధ్య అటూ ఇటూ ఉరుకుతుంది. ఎడమచేత్తో దారాన్ని దగ్గరకు కొట్టాలి. మధ్యలో దారం తెగితే పిడి వదిలేసి ముడి వేయాలి. తెగాక ఇంకోసారి గుంజితే ఆ కొస పక్క దారాలకు చుట్టుకొని బట్ట పాడవుతుంది. అందుకని వాళ్ళ ఇళ్ళలో దారం తెగడం ఎవరి కంట పడినా "తెగె!" అని కేక వేస్తారు. ఆ కేక వినగానే నేసేవాళ్ళ చెయ్యి పిడి వదిలేస్తుంది. చిన్నప్పటినుంచి దెబ్బలు తిని నేర్చుకున్న అలవాటు అది. ఒక రోజు నాగవేణి అలా కేక వేసి తన పిడి తనే వదిలింది. గోడకు ఆనుకొని కూర్చున్న ఉరుకుందు తెగిన చెయ్యి చటుక్కున కదిలింది. అతను గమనించనే లేదు.

నేను గమనించాను. ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఏమిటి? ‘పిడికిలి తెరువు’ అని. తెరవమంటే తెరిచే పిడికిలి కాదది. వదలమంటే వదులుతుందేమో!

మర్నాడు మగ్గం పక్కనే అద్దం పెట్టించాను. పాత పిడి ఒకటి తాడు కట్టి పైనుంచి వేలాడదీసి, మానిన ఎడమచేత్తో పట్టుకోమన్నాను. అద్దంలో అది కుడిచెయ్యి పిడి పట్టుకున్నట్టే ఉంది. "నాగవేణి నేస్తాంటాది. ఆమెతో పాటు గుంజు. ఇంకేం జేయొద్దు," అన్నాను.

ఉరుకుందు ఇష్టం లేకుండానే మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఇద్దరి లాగుడూ ఒకే తాళంలో పడింది. అతను అద్దంలోకే చూస్తున్నాడు. నాగవేణి మాట్లాడకుండా నేస్తోంది. పాప ఉయ్యాలలో ఆడుకుంటోంది. దారం ఎప్పుడు తెగుతుందో ఎవరు చెప్పగలరు? కావాలని తెంపొద్దని నాగవేణికి ముందే చెప్పాను. కూర్చొని కూర్చొని నాకే నడుం నొప్పి పుట్టింది.

"తెగె!"

ఎడమచెయ్యి పిడి వదిలింది. అద్దంలో కుడిచెయ్యి వేళ్ళు విచ్చుకున్నాయి. ఉరుకుందు అద్దం మీంచి కళ్ళు తిప్పలేదు. పిడి గాలిలో ఊగుతోంది.

"తెరుసుకున్నాది," అన్నాడు మెల్లగా. "గాలి తగులుతాంది మేడమ్. అరచేతికి గాలి తగులుతాంది."

నాగవేణి మగ్గం గుంటలోంచి లేవకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వారమంతా అలాగే చేయించాం. నొప్పి ఒక్కసారిగా పోలేదు. కానీ వచ్చినప్పుడల్లా ఎలా వదిలించుకోవాలో అతనికి తెలిసింది. రాత్రిళ్ళు నిద్రపట్టింది.

ఒక రోజు అద్దం తుడుస్తూ అడిగాడు: "ఇది గూడా మోసమే గదా మేడమ్?"

"మోసమే. నీకు సెప్పి, నీ ఎదురుగా పెట్టి, నీ నొప్పి తగ్గనీకి చేసిన మోసం. ఆ వీడియోలతో నీకు నొప్పి తగ్గిందా?"

తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. "లేదు. నొప్పి గురించి అడగొద్దని సెప్పినాయి, అంతే."

ఆ తర్వాత అతనికి కోపం వచ్చింది. ముందు మామూలుగా, అన్నం సరిగా ఉడకలేదని. తర్వాత మిల్లు మీద. "సీజనంట, సీజను. ఆ జాలీ బిగించనీకి ఎంతసేపు పట్టేది!" అని తనలో తను గొణుక్కోవడం విన్నాను. నాగవేణి నన్ను చూసి నవ్వింది. "ఇన్నాళ్ళకు మా ఇంటాయప్ప వచ్చినాడు అక్కా," అంది. రోగికి కోపం వస్తే తగ్గించడం మా అలవాటు. ఇతని కోపం చూసి నేను సంతోషపడ్డాను.

ఏప్రిల్ చివర ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి ప్రమాదం జరిగిన చోటు చూపించమని ఉరుకుందును మిల్లుకే రమ్మన్నాడు. "తోడు రాండి మేడమ్. ఆ చప్పుడు ఇంటే మల్లా పిడికిలి బిగుసుకుంటాదేమో," అన్నాడు ఉరుకుందు. వెళ్ళాను.

షెడ్డులోకి అడుగుపెట్టగానే అతను చెమటతో తడిసిపోయాడు. అయినా ఆగలేదు, తిన్నగా తన మెషిన్ దగ్గరికి నడిచాడు. ఇన్‌స్పెక్టరు మెషిన్లు ఆపించాడు. ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. కార్తీక్ కూడా వచ్చి నిలబడ్డాడు.

ఉరుకుందు తెగిన చేతితోనే చూపించాడు. "ఈడ జాలీ ఉండాల సార్. తీసేసినారు. అద్దో, ఆ మూలన పడున్నాయి సూడండి. మిషన్ నిలిపితే ఆ అన్న ఫోన్‌లో ఎర్రగా అయితాది. సూపర్‌వైజర్ తిడతాడు. అందుకని నిలపకుండానే సెయ్యి పెట్టినా. అందురూ అట్లే పెడతాండారు."

"ముందు ఎవరి తప్పూ లేదన్నావు కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అన్యా సార్. అప్పుడు నొప్పిలో ఉంటి."

కార్తీక్ ఒక అడుగు ముందుకేశాడు. గొంతులో బెదిరింపు లేదు, నొచ్చుకున్నట్టుంది. "ఉరుకుందూ, మనం ఇవన్నీ మాట్లాడుకున్నాం కదా. ఈ లోకమే ఒక ఆట అని నువ్వు కూడా ఒప్పుకున్నావు."

ఉరుకుందు అతనివైపు తిరిగాడు. అరవలేదు.

"నువ్వు సెప్పింది నిజమే అయ్యుండొచ్చన్నా. ఆటే అనుకుందాం. ఈ ఆటలో జాలీ తీయమన్నది నువ్వే గదా?"

కార్తీక్ సూపర్‌వైజర్ వైపు చూశాడు. మెషిన్ల దగ్గరున్న ఆడవాళ్ళలో ఒకామె ముందుకు వచ్చి, కార్తీక్‌ను చూపిస్తూ, "అవు సార్, ఈయప్పనే తీయమనె," అంది. తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత మరొకామె.

జాలీలు బిగించేదాకా ఒక్క మెషిన్ కూడా నడపకూడదని ఇన్‌స్పెక్టరు అక్కడే చెప్పాడు. బిగించారు. ప్రమాదం మీద కేసు మాత్రం ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఎప్పుడు తేలుతుందో తెలియదు. దాని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

ఈ లోకం దేవుడు చేశాడో, ఎవరి కంప్యూటర్‌లో నడుస్తోందో, తేల్చాల్సినవాళ్ళు తేల్చుకోనీ. మా చదువులో రోగి రాగానే మొదట అడగమని నేర్పేది నొప్పి ఎక్కడ అని. ఎప్పటినుంచి, ఎంత, ఏం చేస్తే పెరుగుతుంది అని ఆ తర్వాత అడగమంటారు. ఉరుకుందు వచ్చి వెళ్ళాక నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను. హమాలీ నడుము పట్టుకొని వచ్చినా, నేతగాడు మోకాలు పట్టుకొని వచ్చినా, పరీక్ష బల్ల మీద కూర్చోబెట్టి, కళ్ళలోకి చూసి అడుగుతాను: "ఇది ఎవురి వల్ల వచ్చిందప్పా?"